ఎత్తి పోసుకునే నీళ్లు

నీళ్లు ఎక్కువ తాగడం ఎలాగో చెప్పే వీడియోలు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. లేవగానే రెండు గ్లాసులు తాగండి, సీసా మీద గీతలు పెట్టుకోండి, నిమ్మచెక్క వేసుకోండి, ఫోనులో అలారం పెట్టుకోండి. కాకినాడలో ఉండే మా ఆడపడుచు ఇలాంటివి రోజుకు రెండు చొప్పున మా ఇంటి గ్రూపులో పడేస్తుంది, కింద దండం బొమ్మతో సహా. చెయ్యి చాపితే అందేంత దూరంలో నీళ్లు ఉన్నా, నోరు పిడచకట్టుకుపోతున్నా తాగని మనిషి చేత ఎలా తాగించాలో చెప్పే వీడియో ఒక్కటైనా ఉందా? ఉంటే పంపమని ఒకసారి గ్రూపులోనే అడిగాను.

ఆ తాగని మనిషి మా అత్తగారు. డెబ్భై ఎనిమిదేళ్లు. మా ఇల్లు యానాంలో, కనకాలపేటలో. మా ఆయనకి రొయ్యల చెరువులకు మేతా మందులూ అమ్మే కొట్టు ఉంది. నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని. మా బడిలో రోజుకు మూడుసార్లు నీళ్ల గంట కొడతాం. గంట వినగానే పిల్లలందరూ సీసాలు తీసి తాగాలి. తాగినట్టు నటించేవాళ్లను నేను ఇట్టే పట్టేస్తాను, గుటక పడేదాకా ఎదురుగా నిలబడతాను. అంతమంది పిల్లల చేత నీళ్లు తాగించి ఇంటికొచ్చేసరికి, ఇంట్లో పెద్దావిడ నాలుక ఎండిపోయి పడుకుని ఉండేది. అది నాకు నెలరోజుల దాకా తెలియలేదు. రాయడానికి సిగ్గుగానే ఉంది.

మా అత్తగారు జన్మలో చెంబుకు పెదవి ఆనించి ఎరుగరు. తల వెనక్కి వాల్చి, చెంబు నోటికి జానెడు ఎత్తున పట్టి, ఒక్క చుక్క కూడా చెంప మీద పడకుండా పోసుకుంటారు. పెదవి తగిలితే ఎంగిలి. ఎంగిలి చెంబును చింతపండు పెట్టి తోమాలి. ఆ చెంబు గనక బిందెలో మునిగితే, బిందె కూడా ఖాళీ చేయాల్సిందే.

ఫరంపేటలో మా పుట్టింట్లో ఈ పట్టింపు లేదు. గ్లాసు నోటికి ఆనించుకుని హాయిగా తాగేవాళ్లం. కాపురానికి వచ్చిన వారంలోనే, అలవాటు కొద్దీ, చెంబు ఆనించుకుని తాగి అదే చెంబుతో బిందెలో ముంచాను. మా అత్తగారు తిట్టలేదు. చుట్టాలందరూ చూస్తుండగా బిందె వరండాలోకి ఈడ్చి పెరట్లోకి వంపేశారు. అప్పుడు వీధి కుళాయి రోజుకు గంటసేపే వచ్చేది. ఆ బిందె నేను మోసుకొచ్చిందే. ఇరవై ఆరేళ్లయింది, ఆ నీళ్ల చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. ఏదో ఒకరోజు ఈవిడ మెడ పట్టేసి, చెంబు ఆనించుకోక తప్పని రోజు రావాలని ఆ వయసులో మనసులో అనుకున్నాను కూడా. అలా అనుకున్నందుకు తర్వాత ఏమైందో చూడండి.

కిందటి వేసవి ఏప్రిల్లో ఇక్కడ గాలి ఆడలేదు. గోదావరి మీంచి సాయంత్రం వచ్చే గాలి కూడా వేడిగానే వచ్చేది, ఒంటికి చీర అతుక్కుపోయేది. అత్తగారు మధ్యాహ్నమంతా మగతగా పడుకోవడం మొదలుపెట్టారు. పెదాల చివర పగుళ్లు వచ్చాయి. ఒకరోజు నన్ను పట్టుకుని, ఎప్పుడో పోయిన తన చెల్లెలనుకుని, గాజులు ఎక్కడ దాచావే అని అడిగారు. నాకు భయం వేసి మా ఆయనకి చెప్పాను. వయసు మీద పడింది, నువ్వూరికే కంగారు పడతావు అన్నారాయన. రొయ్య తలకాయ కాస్త రంగు మారితే ఏ చెరువుకైనా పరిగెత్తే మనిషి, కన్నతల్లి మాట తడబడితే వయసు అనేశారు. దగ్గర్లో ఉన్న డాక్టరు నాడి చూసి బలం టానిక్కు రాశాడు. నీళ్లు ఎన్ని తాగుతున్నారు అని ఆయన అడగలేదు. అడిగినా నేను బాగానే తాగుతున్నారని చెప్పేదాన్ని.

ఎందుకంటే రోజూ బడికి వెళ్లేముందు ఆవిడ మంచం పక్కన, కిటికీ కింద, చెంబు నిండా నీళ్లు పెట్టేదాన్ని. పెద్ద చెంబు. పక్కన మూతపెట్టిన గిన్నెలో మరిన్ని. సాయంత్రం వచ్చేసరికి రెండూ ఖాళీ. తాగారా అని అడిగితే, తాగాను అనేవారు. అంతకంటే ఏం కావాలి? పిల్లల గుటక దాకా చూసే నేను, ఇంట్లో మాత్రం ఖాళీ చెంబు చూసి తృప్తి పడ్డాను.

ఆ నెలలో ఇంకో సంగతి. పెరట్లో మల్లెపాదు ఎండింది, మందార ఆకులు రాల్చేసింది. ఆవిడ కిటికీ అవతల ఉన్న కరివేపాకు మొక్క మాత్రం నవనవలాడుతూ గుబురుగా పెరిగింది. నేను మురిసిపోయాను. గుప్పెళ్లు గుప్పెళ్లు కోసి చుట్టుపక్కలందరికీ పంచాను. బడికి కూడా పట్టుకెళ్లాను. ఒకావిడ ఎరువేం వేస్తున్నారని అడిగితే, ఏమీ వెయ్యట్లేదండీ, నేల మహిమ అన్నాను.

అత్తగారు బాత్రూము దగ్గర కళ్లు తిరిగి పడిపోయాక కాకినాడ తీసుకెళ్లాం. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ, చర్మం పట్టుకుని వదిలి చూసింది, నాలుక చూసింది. ఒంట్లో నీరు లేదు, మూత్రంలో ఇన్‌ఫెక్షను ఉంది, ఉప్పులు తారుమారయ్యాయి, ఆ మతిమరుపంతా అందుకే అంది. కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని, సెలైను పెట్టి ఈసారికి నిలబెడతామని, ఇంటికెళ్లాక రోజుకు లీటరున్నర తగ్గకుండా లోపలికి వెళ్లకపోతే మళ్లీ వచ్చేటప్పటికి తన చేతిలో ఏమీ ఉండదని సూటిగా చెప్పేసింది. చెంబు పక్కనే ఉంటుందండీ, రోజూ ఖాళీ అవుతుందండీ అన్నాను నేను. డాక్టరమ్మ నా వైపు చూసి, ఖాళీ అవడం వేరు, తాగడం వేరు అంది. ఆవిడ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. అదే సమయానికి మా ఆడపడుచు వార్డులోకి వచ్చింది. వచ్చీ రావడంతోనే అడిగిన మాట ఇది.

"మా అమ్మకి నీళ్లు కూడా ఇవ్వట్లేదా వదినా?"

జవాబు చెప్తే అక్కడే పెద్ద గొడవ అయ్యుండేది. ఆ వీడియోలన్నీ నాకోసమే పంపేదని అప్పుడు అర్థమై, ఫోను తీసి గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

సెలైను రెండురోజులు ఎక్కాక అత్తగారికి తెలివొచ్చింది. ఎవరూ లేనప్పుడు మంచం మీద కూర్చుని అడిగాను, ఆ నీళ్లన్నీ ఏం చేశారని. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదట. మెడ వెనక్కి వాలడం లేదట. ఉగాది ముందు నుంచీ అంతే. ఒకసారి బలవంతంగా ఎత్తి పోసుకుంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి, పొలమారి, ప్రాణం పోయినంత పనైందట. మరోసారి జాకెట్టంతా తడిసిందట. ఆ తర్వాత మానేశారు. నేను బడినుంచి వచ్చేలోగా చెంబూ గిన్నే కిటికీలోంచి మొక్కకు పోసేసేవారు. అన్నంలో కలుపుకునే మజ్జిగా, పొద్దున ఇచ్చే కాఫీ, అంతే ఆవిడ లోపలికి వెళ్లేది. ఆ కాఫీ కూడా చల్లారాక నాలుగు చుక్కలు ఎలాగో పోసుకుని వదిలేసేవారు. మిగిలిన కాఫీ చూసి, చక్కెర తక్కువైందేమో అనుకునేదాన్ని నేను.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఊరంతటికీ పంచిన కరివేపాకు గుర్తొచ్చి కోపం. నాకు ఒక్క మాట చెప్పనందుకు కోపం. చెంబు ఆనించుకుని తాగితే ఏం పోయిందండీ, మీ చెంబు మీకే విడిగా పెడతాను, ఎవరూ ముట్టుకోరు అన్నాను. నీరసంగా ఉన్నా ఆ జవాబు మాత్రం గట్టిగానే వచ్చింది.

"నా ఎంగిలి నాకు మాత్రం ఎంగిలి కాదా?"

ఇంటికొచ్చాక నేను చెయ్యని ప్రయత్నం లేదు. గొట్టం పెట్టిన సీసా కొన్నాను. గొట్టం నోట్లో పెట్టుకుంటే అదీ ఎంగిలే. నేనే నోట్లో పోస్తానన్నాను. పోశాను, పొలమారి కళ్లు తేలేశారు, ఆ భయంతో ఇంకెప్పుడూ నోరు తెరవలేదు. పుచ్చకాయ ముక్కలు కోసి పెట్టాను, అవి తిన్నారు. దోసకాయ తిన్నారు. ముంజలు దొరికినన్నాళ్లు దొరికినన్ని తెచ్చాను, చేత్తో ఒలుచుకుని తినేవి కాబట్టి వాటికి అభ్యంతరం లేదు. పప్పుచారు పల్చగా కాచి, అన్నం తక్కువా చారు ఎక్కువా కలిపాను. మజ్జిగన్నం జావలా చేసి పెట్టాను. మీలో ఎవరింట్లోనైనా నీళ్లు తాగని పెద్దవాళ్లుంటే ఇవన్నీ పనికొస్తాయి, చెయ్యండి. కానీ ఎంత లెక్కేసినా డాక్టరమ్మ చెప్పినదాంట్లో సగానికి వచ్చేది కాదు. సాయంత్రానికి మళ్లీ పెదాలు ఎండేవి. మళ్లీ ఒకరోజు గాజుల సంగతి ఎత్తారు.

మర్నాడు పొద్దున పెరటి వరండాలో ఆవిడ నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. నేను గ్లాసుతో మజ్జిగ, చెంచా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. చెంచా పెదవికి తగులుతుందని మొహం తిప్పేసుకున్నారు. మళ్లీ పెట్టాను. మళ్లీ తిప్పారు. మజ్జిగ ఆవిడ చీర మీద ఒలికింది. అప్పుడు నా నోరు అదుపు తప్పింది.

"చచ్చిపోవాలనుందా మీకు? అయితే చావండి. ఆ మడీ ఎంగిలీ కట్టుకుని చావండి. నేను మాత్రం ఇంక మీకు చెంబు నింపను."

అత్తగారిని ఎదురుగా పట్టుకుని అంత మాట నేను ఎప్పుడూ అనలేదు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. చీర మీద మజ్జిగను కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆ తుడుచుకోవడం చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది.

పెరటి గుమ్మంలో ఆకుకూరలావిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. అడవిపొలం ఊరి నుంచి తోటకూర, గోంగూర, పాలకూర గంపలో పెట్టుకుని రోజూ ఆ వేళకే వస్తుంది. నేను ఈ ఇంటికి రాకముందు నుంచీ వస్తోంది. అంత దూరం నడిచొచ్చి దాహమని అడుగుతుంది. అడిగితే గుమ్మం మెట్టు దగ్గర వంగుని దోసిలి పడుతుంది, మేము పైనుంచి చెంబుతో పోస్తాం. ఇదివరకు అత్తగారు పోసేవారు. తర్వాత ఆ పని నాకొచ్చింది. ఆవిడకి గ్లాసెందుకివ్వం అని నేను ఎప్పుడూ అడగలేదు. మనుషులందరూ సమానమని నల్లబల్ల మీద రాసి పిల్లల చేత పైకి చదివించే నేను అడగలేదు. బడిలో అది పాఠం, ఇంట్లో ఇది అలవాటు, రెండూ ఎప్పుడూ ఎదురుపడలేదు.

ఆవిడ గంప దించుకుని, నా మజ్జిగ గ్లాసునీ అత్తగారినీ చూసింది. ఏమైందని అడిగింది. చెయ్యి లేవట్లేదు, మెడ వాలట్లేదు, పెదవి ఆనించరు అని విసుగ్గా చెప్పాను. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"దోసిలి పట్టండమ్మగోరూ. టీచరమ్మగారు పోత్తారు. చెంబుకి పెదవి తగలదు కదండి."

ఇరవై ఆరేళ్లుగా రోజూ నా కళ్లముందు, నా చేత్తోనే జరుగుతున్న పని. ఇన్ని గొట్టాలు, సీసాలు, చెంచాలు తెచ్చానే, దోసిలి మాత్రం తట్టలేదు. అత్తగారికీ తట్టలేదు. మా ఇద్దరికీ అది గుమ్మం అవతలివాళ్లు తాగే తీరు. మా ఇంటి మనిషి గొంతు ఎండి చావుకు దగ్గరైనా, అది మా నోటికి పనికొచ్చే పద్ధతని మాకు తోచలేదు. ఇంత బుద్ధి తక్కువతనం ఎక్కడైనా ఉంటుందా?

అత్తగారు తన రెండు చేతులూ చూసుకున్నారు. వద్దంటారని నేను అనుకున్నాను. ఆకుకూరలావిడ ముందు, అదే విధంగా చేతులు చాపడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. చివరికి మోచేతులు ఒళ్లో ఆనించి, దోసిలి పట్టి, మొహం దాని దగ్గరికి వంచారు. నేను చెంబు ఎత్తి పోశాను. నీళ్లు చిమ్మి మొహమంతా పడ్డాయి.

"అంత పైనించి కాదండి టీచరమ్మగారూ. చెంబు కిందకి పట్టుకుని సన్నగా పొయ్యాలి. మీరెప్పుడూ గబగబా పోసేత్తారు."

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అది ఉంటే బాగుండేది, నేను కూడా ఓ మాట అనేదాన్ని. చెంబు కిందకి దించి సన్నగా పోశాను. అత్తగారు తాగారు. గుటక పడటం కళ్లారా చూశాను. ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ చేతులు చాపారు. చెంబు అయిపోయింది. ఇంకా కావాలన్నారు. రెండో చెంబు తెచ్చాను. మోచేతుల మీంచి నీళ్లు కారి ఒడి తడిసిపోయింది, ఆవిడ పట్టించుకోలేదు. నెలల తరబడి ఎండిన మనిషి అలా తాగుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. దాంతోపాటు, ఇంత చిన్న సంగతికి ఆవిణ్ణి చావమన్నానే అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒడి తడవడం చూసి, సగం కిందకే పోతోంది అన్నాను నేను. ఆకుకూరలావిడ కట్టలు విడదీస్తూ తలెత్తకుండానే చెప్పింది.

"పోద్దండి. దోసిట్లో ఎంతని నిలుత్తాయి. అందుకే నేను మీ ఇంటికాడ తాగి, మళ్లీ మలుపులో కుళాయికాడ ఆగుతాను."

తోటకూర రెండు కట్టలిచ్చి వెళ్లిపోయింది. మా ఇంట్లో ఆవిడ దాహం ఏనాడూ తీరలేదన్నమాట. తీరిందనుకుని నేను చెంబు లోపలికి పట్టుకుపోయేదాన్ని.

ఆ రోజు నుంచి అత్తగారు దోసిలితోనే తాగుతున్నారు. నేను బడికి వెళ్లేముందు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చే మా ఆయన, సాయంత్రం మళ్లీ నేను, పడుకునేలోపు ఇంకోసారి పోస్తాం. మా ఆయనకి మొదట్లో విసుగే. మీ అమ్మ కిడ్నీలు ఏ చెరువులోనూ దొరకవు అన్నాను, ఆ తర్వాత తనే చెంబు పట్టుకున్నారు. ఒడిలో పడటానికి ఒక పళ్లెం పెట్టాం. కిందపోయేది తీసేసి, లోపలికి వెళ్లేదే లెక్కవేస్తున్నాం. రెండు నెలలకు కాకినాడ తీసుకెళ్తే డాక్టరమ్మ రిపోర్టు చూసి ఏం చేశారని అడిగింది. దోసిలి అంటే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచిదాన్నే అనిపించుకుంటాను. కానీ అత్తగారు మొదటిసారి దోసిలి పట్టిన మర్నాడు జరిగింది కూడా చెప్పాలి. ఆకుకూరలావిడ వచ్చే వేళకి ఒక గ్లాసు నిండా చల్లటి నీళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఇంక మీరు దోసిలి పట్టక్కర్లేదు, కూర్చుని తాగండి అన్నాను. నా గొంతులో నాకే వినిపించేంత ఉదారం ఉంది. ఆవిడ గ్లాసు అందుకోలేదు. దాన్ని చూసి, నన్ను చూసి అడిగింది.

"నేను తాగాక ఇది ఎక్కడ పెడతారండి?"

అప్పుడు చూశాను నా చేతిలోది. అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు. పెరట్లో బూడిద కొలవడానికి, మొక్కల మందు కలపడానికి వాడేది. రాత్రి తోమి పక్కన పెట్టిందే. వంటింట్లో స్టాండు నిండా గ్లాసులుండగా, ఆలోచించకుండానే నా చెయ్యి పెరట్లో దానిమీదికే వెళ్లింది. వరండాలోంచి మా అత్తగారు చూస్తున్నారు. ఆవిడ ఏమీ అననక్కర్లేకుండానే ఇరవై ఆరేళ్లలో నాకు అన్నీ వచ్చేశాయి.

ఆ నీళ్లు మందార మొదట్లో పారబోసి లోపలికెళ్లాను. మేము తాగే ఆరు గ్లాసుల్లోంచి ఒకటి తీసి నింపి తెచ్చాను. లోపలే, మా వాటితోనే పెడతాను అన్నాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని, పెదవి ఆనించుకుని, ఆపకుండా తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. అదీ తాగి లేచి వెళ్లిపోయింది.

గ్లాసు కడిగాను. మామూలుగా ఒకసారి కడిగేదాన్ని, రెండుసార్లు కడిగాను. స్టాండులో మిగతా అయిదింటి పక్కన బోర్లించాను. ఆరూ ఒక్కలాంటివే, ఒకేసారి కొన్నవి, గుర్తుపట్టడానికి ఒక్క గీత కూడా లేదు. అయినా సాయంత్రం బడినుంచి వచ్చి మంచినీళ్లకు చెయ్యి చాపినప్పుడు, ఆవిడ తాగింది ఏదో నాకు తెలుస్తూనే ఉంది.